ఎడమవైపు తలుపు

ఈ మధ్య ఒకరోజు శ్రీకాకుళం కాంప్లెక్సులో రాజాం బస్సెక్కి కూర్చున్నాను. కండక్టరు తలుపు లాగాడు. పడలేదు. మళ్ళీ లాగాడు. మూడోసారి కాలితో తన్నితే పడింది.

"ఏడుస్తన్నాది" అన్నాను.

పైకే అన్నానని పక్కసీటాయన తిరిగి చూసేదాకా నాకు తెలియలేదు. అది నా మాట కాదు, మా బావ మాట. ఆయన పోయి అప్పటికి రెండు నెలలు. ఈ రెండు నెలల్లోనూ ఆయన్ని తలుచుకుని నేను ఏడవలేదు. పెద్దకర్మ రోజున కూడా వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ తిరిగాను. బస్సు నాగావళి వంతెన దాటుతున్నప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చోవలసి వచ్చింది.

బావ అంటే మా అక్క భర్త. ముప్ఫై ఏళ్ళకు పైగా లారీ నడిపాడు. ఊరు గరివిడి. ఫ్యాక్టరీకి రాయి తోలేవాడు, మధ్యమధ్య ఎస్.కోట మీదుగా కొండల్లో ఘాటీ ఎక్కి పైన సామాను దింపి వచ్చేవాడు. పొట్టి మనిషి. స్టీరింగు పట్టుకుని పట్టుకుని భుజాలు కొంచెం ముందుకు వంగిపోయాయి. ఖాళీగా కూర్చున్నా చేతులు అదే కొలతలో దూరంగా పెట్టుకునేవాడు.

ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు చూసేవాడు. చూడడమంటే ఒకసారి తీసి, వేసి, చెవి వంచి వినడం. ఆటోలు, బీరువాలు, ఆసుపత్రి గదులు, దేన్నీ వదిలేవాడు కాదు. నేను పనిచేసిన కాలేజీ లైబ్రరీకి ఒక్కసారే వచ్చాడు. ఒక్క పుస్తకం వైపూ చూడలేదు. ఇనుప బీరువాలు వరసగా తీసి వేసుకుంటూ పోయి ఆఖరిదాని దగ్గర ఆగాడు. "ఇది ఏడుస్తన్నాది పంతులూ. బందుల్లో సుక్క నూనె నేదు" అన్నాడు. నేను ఎన్నడూ పాఠం చెప్పలేదు. పుస్తకాల మధ్య బతికేవాడు ఆయన లెక్కలో పంతులే.

తలుపు సంగతి ఆయన చాలాసార్లు చెప్పాడు. "తలుపన్నది ఒక్క మాటే అనాల. రెండు మాట్లన్నాదంటే దాన్ని కట్టినోడు దొంగ."

మా అక్కకి ఆయన మీద ఒక ఫిర్యాదు ఉండేది. పెళ్ళయిన కొత్తలోది. క్యారేజీ పట్టుకుని ఫ్యాక్టరీ రోడ్డు మీద ఎండలో నిలబడితే ఈయన లారీ ఆపి, కిటికీలోంచి చెయ్యి జాపి క్యారేజీ అందుకుని, అలాగే వెళ్ళిపోయాడు. ఇంటిదాకా దింపరాదా అని ఆవిడ అడిగితే, కేబిన్లో మనుషుల్ని ఎక్కిస్తే ఓనరు ఊరుకోడన్నాడట. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. చెప్పినప్పుడల్లా అక్క కిటికీలోంచి వచ్చిన చెయ్యి ఎలా ఉందో చేసి చూపించేది. బావ తల వంచుకుని నవ్వేవాడు.

ఘాటీలో ఒక మలుపుంది. ఎక్కేటప్పుడు ఇంజను, దిగేటప్పుడు బ్రేకులు చల్లారేదాకా లారీలన్నీ అక్కడ ఆగుతాయి. బావ జీవితంలో చాలా భాగం అక్కడ టీ తాగుతూ గడిచింది. అక్కడేముంటుందని అక్క అడిగితే, "ఏటుంటాది, కొండ" అనేవాడు. అక్కకి ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళు ఇంటికి రాకుండా నువ్వు చూసిన కొండేదో నేనూ చూడాలి అనేది.

వాళ్ళకి పిల్లలు లేరు. బావ పని మానేసిన మరుసటేడు అక్క కిడ్నీలు పాడయ్యాయి. మా పుట్టిల్లు ఉద్దానం వైపు. ఆ జబ్బు పేరు వింటే మా ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోరు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌కి విజయనగరం వెళ్ళి వచ్చేవారు. ఒకరోజు తిరుగు బస్సులో, నిలబడ్డవాళ్ళ మధ్య నలుగుతూ, అక్క ఆయనతో అందట: "నీ లారీ ఒక్కపాలైనా నన్నెక్కించినావు కాదు."

తర్వాతి వారం నేను వెళ్ళేసరికి వాకిట్లో ఒక లారీ ఉంది.

లారీ అనడానికి లేదు. ముందు పొడుగు ముక్కున్న పాతకాలపు బండి. టైర్లు లేవు, కేబిన్ చెక్క పుచ్చిపోయింది, ఇంజను నిండా తుప్పు. గరివిడి చివర పాత ఇనుము కొట్టులో పడి ఉంటే తెచ్చాడు. ఆయన పంతొమ్మిదేళ్ళు నడిపిన బండే అది. ఛాసిస్ కింద తను చేయించుకున్న అతుకు తడిమి గుర్తుపట్టాడు. అక్క అరుగు మీద కూర్చుని చాలాసేపు దాన్ని చూసి, "ఇది నాకన్నా పాడయిపోనాది" అంది.

ఆ రోజు నుంచి మూడేళ్ళు నా ఆదివారాలు ఆ వాకిట్లో గడిచాయి. ఆమదాలవలసలో పాసింజరెక్కి గరివిడిలో దిగేవాణ్ణి. నేను చెప్పులు విప్పకముందే బావ ఆ వారం బండి ఆరోగ్యం చెప్పేవాడు. రేడియేటరు కారడం ఆగింది. కమాను కట్టలు రెండు మార్చాడు. గేరుబాక్సు ఇంకా మూలుగుతోంది. అక్క లోపలినుంచి, "నాకెలగుందో అడిగితే సెప్పడు, బండికెలగుందో ఊరల్లా సెప్తాడు" అనేది. ఆవిడకెలా ఉందో ఆయన నిజంగానే ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడిగేవాణ్ణి కాను.

ఇంజను మొదటిసారి పలికిన రోజు పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. తర్వాత నా చెవికి పెట్టాడు. నాకు ఒకటే హోరు. "పుస్తకాలు సదివీసి సెవులు పోనాయి" అన్నాడు.

ఇంజను పని మామూలు మెకానిక్కులా చేశాడు. కేబిన్ దగ్గరికొచ్చేసరికి వేరే మనిషయ్యాడు. పాత కొలతలన్నీ పక్కన పెట్టాడు. ఆ కేబిన్లో ఎడమవైపు భాగం మొత్తం ఒక్క మనిషి కోసం కట్టాడు.

ఒక ఆదివారం అక్కని వాకిట్లో చెక్క కుర్చీ మీద కూర్చోబెట్టాడు. కుర్చీ కాళ్ళ కింద ఇటుకలు. ఎదురుగా తను ఒక బద్ద అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. కేబిన్ ముందు అద్దం అంచు ఎక్కడికి రావాలో చూసుకోవడానికి. అక్క ఆయనకన్నా పొట్టి.

"కొండ అగుపడతన్నాదా?" అన్నాడు.

"పక్కింటోల గేదె అగుపడతన్నాది."

"ఎంతకాడికి?"

"కొమ్ములుకాడికి."

నన్ను పిలిచి అక్కని లేపించి కుర్చీ కింద ఇంకో వరస ఇటుకలు వేశాడు. మళ్ళీ బద్ద పట్టుకున్నాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు గేదె నన్ను సూస్తన్నాది" అంది అక్క. ముగ్గురం నవ్వాం. అక్కకి నవ్వితే ఆయాసం వచ్చేది. ఆయాసం తగ్గేదాకా ఆయన బద్ద దించకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పెన్సిల్‌తో గీత గీశాడు.

ఎక్కడానికి మెట్టు విషయంలో ఆయన తప్పు చేశాడు. ఒక శనివారం అక్కని నిలబెట్టి కాలు ఎంత ఎత్తగలదో కొలిచాడు. శనివారమంటే డయాలసిస్ మర్నాడు. ఒంట్లో నీరు తీసేసి ఉంటారు, కాళ్ళు తేలిగ్గా ఉంటాయి. ఆ కొలతకి మెట్టు వెల్డింగు చేశాడు. మర్నాడు ఆదివారం నా ఎదుట ఎక్కించబోతే అక్క కాలు మెట్టుకి అందలేదు. పాదాలు అప్పటికే పొంగిపోయాయి. ఆవిడ రెండుసార్లు ప్రయత్నించి నా భుజం పట్టుకుని నిలబడిపోయింది. బావ మెట్టు కోసేశాడు. ఆ తర్వాత అన్ని కొలతలూ ఆదివారం సాయంత్రమే తీసుకున్నాడు, ఆవిడ ఒళ్ళు అన్నిటికన్నా బరువుగా ఉండే పూట. కొత్త మెట్టు ఎంత కిందికి వచ్చిందంటే, చూడ్డానికి వచ్చిన పాత మెకానిక్కు ఒకాయన, స్పీడు బ్రేకరు వస్తే ఇది మిగలదు అని నవ్వాడు. బావ నవ్వలేదు. స్పీడు బ్రేకరు దగ్గర నేను దిగి చూసుకుంటానన్నాడు.

సీటు పక్కన గ్లాసు పెట్టుకోవడానికి ఒక ఇనుప వలయం బిగించాడు. చిన్నది, మాత్ర వేసుకునే గ్లాసు పట్టేంత. లారీల్లో అందరూ పెద్ద వాటర్ బాటిలుకి చోటు పెట్టుకుంటారు. అక్కకి రోజంతటికీ కొలిచిన నీళ్ళే. ఎండలో ఎదురుగా పెద్ద బాటిలు ఉంటే చూసి బాధపడుతుందని ఆయన ఆలోచన. ఇది ఆయన చెప్పలేదు. వలయంలో గ్లాసు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకోవడం చూసి నాకు అర్థమైంది.

మూడో ఏడు వానాకాలానికి అంతా అయిపోయింది. కాగితాలు అయ్యాయి, బ్రేకులు అయ్యాయి. ఎడమవైపు తలుపొక్కటి మిగిలింది. అది రెండు మాటలు అంటోంది. లాగితే ఒక చప్పుడు, గడి పడేటప్పుడు ఇంకో చప్పుడు. కుదుపుకి ఎక్కడైనా తెరుచుకుంటే ఎలా అని ఆయన భయం. తలుపు దించి బందులు మార్చాడు. మళ్ళీ దించి అంచు చిత్రిక పట్టాడు. ప్రతి ఆదివారం అదే మాట: "ఇంకొక్క వారం."

ఆ రోజుల్లో అక్క పాత చీరలు పేలికలుగా చింపి తాడు పేనుతూ ఉండేది. చేతికి డయాలసిస్ సూదులు గుచ్చిన చోట ఉబ్బెత్తుగా ఉండేది, అయినా పేనేది. ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోమంది. వాకిట్లో బండికి వేసిన షెడ్డులో బావ తలుపు చిత్రిక పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఒరే తమ్ముడా, మీ బావకి ఒక మాట సెప్తావా? తలుపు పడకపోతే పోనాది. తాడు కట్టీసుకుని కూకుంటాను. ఈ శనివారం తీసుకెల్లమను." తాడు ఎత్తి చూపించింది. "ఇదిగో, తాడు కూడా పేనీసినాను."

నువ్వే చెప్పొచ్చు కదా అన్నాను.

"నాను సెప్తే, ఏటి తొందర అంటాడు. ఏటి తొందరో నా నోటితో సెప్పాల. నువ్వు సెప్పు."

నేను లేచి షెడ్డులోకి వెళ్ళాను. బావ నా చెయ్యి పట్టుకుని తలుపు అంచు మీద పెట్టి, ఎక్కడ ఎత్తుగా ఉందో తడిమి చూడమన్నాడు. నాకేమీ తెలియలేదు. "ఇక్కడ. ఎంటిక మందం" అన్నాడు. ఆయన ముఖంలో వెలుగు ఉంది. నా ఉద్యోగంలో నేను కుట్టు ఊడిన పుస్తకాన్ని ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. బైండింగు అయ్యేదాకా ఆగమనేవాణ్ణి. అందుకని ఆయన చేసేది నాకు సబబుగానే కనిపించిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ మాట చెబితే, ఏటి తొందర అని ఆయన నన్నే అడుగుతాడు. అప్పుడు జవాబు నా నోటితో రావాలి.

చెప్పలేదు. బయటికొచ్చి, చెప్పానని అక్కకి అబద్ధం కూడా చెప్పలేదు. ఆవిడ నా ముఖం చూసి అడగడం మానేసింది. తాడు చుట్ట చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

దసరాకి లారీకి ఆకుపచ్చ రంగు వేశారు. రంగు అక్క చెప్పిందే. దీపావళి వెళ్ళిన వారంలో, ఒక గురువారం పొద్దున్న, అక్క పోయింది.

అస్థికలు నాగావళిలో కలపడానికి శ్రీకాకుళం తేవాలి. ఎవరో బంధువు, ఇప్పుడైనా ఆ లారీలో తీసుకెళ్తే బాగుంటుంది కదా అన్నాడు. ఆ మాటకి నలుగురూ తలూపారు. బావ గోడకి ఆనుకుని కూర్చున్నవాడు లేచాడు. "అది కూకోడానికి సేసినాను. దాన్ని మొయ్యడానికి కాదు" అన్నాడు. ఆటోలో వెళ్ళాం.

కర్మలు అయ్యాక ఒక రోజు నేను వెళ్ళేసరికి ఆయన షెడ్డులో ఉన్నాడు. ఆ తలుపే. బందులకి నూనె రాస్తున్నాడు. చెయ్యి ఆపకుండా, నా వైపు చూడకుండా అడిగాడు. ఆ రోజు పంతులూ అనలేదు.

"బావా, మీయక్క నీతో ఏటైనా అన్నాదా? బండి గురించి?"

"లేదు బావా. ఏమీ అనలేదు."

"నేదా."

అప్పుడు నా వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుని, మళ్ళీ బందుల మీదికి వంగాడు. ఆయనకి నేను మేలు చేశాననుకున్నాను. అక్క తొందరపడలేదని, తృప్తిగానే పోయిందని ఆయన అనుకుంటాడు కదా అని.

రెండు నెలల తర్వాత తలుపు కుదిరింది. ఫోన్ చేసి రమ్మన్నాడు. నన్ను నిలబెట్టి, తలుపు తీసి వేశాడు. ఒక్క చప్పుడు, మెత్తగా, లోతుగా. "ఇన్నావా?" అన్నాడు. విన్నాను, బాగుంది అన్నాను. ఆయన మళ్ళీ తీసి వేశాడు. మళ్ళీ తీసి వేశాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

తర్వాత మూడేళ్ళు ఆ బండి షెడ్డు దాటలేదు. ప్రతి శనివారం పొద్దున్న స్నానం చేసి, కుడివైపు ఎక్కి కూర్చుని, ఇంజను ఒక అరగంట నడిపి ఆపేసేవాడు. ఎడమ సీటు మీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. నేను ఎక్కినా కుడివైపు నుంచే ఎక్కి, మధ్యలో చెక్క మీద కూర్చోవాలి. ఇద్దరం ఇంజను చప్పుడు వినేవాళ్ళం. నాకు ఆ చప్పుడులో కొన్ని తేడాలు తెలియడం మొదలైంది. అది ఆయనకి చెప్పలేదు. చెప్తే సంతోషపడేవాడు.

రెండు నెలల కిందట, సంతలో వంకాయలు ఏరుతూ, ఆయన కూలబడిపోయాడు. మనుషులు పట్టుకునేలోపే అయిపోయిందట.

బస్సులో ఆయన మాట నా నోటి నుంచి వచ్చిన మర్నాడు గరివిడి వెళ్ళి షెడ్డు తాళం తీశాను. ఎడమవైపు నుంచి ఎక్కడం అదే మొదటిసారి. మెట్టు నాకు మరీ కిందికి ఉంది, కాలు తడబడింది. ఆ సీటులో కూర్చున్నాను. అద్దం అంచు నా గుండె దగ్గరికి వచ్చింది. చెయ్యి ఆనించడానికి కిందికి తడిమితే మెత్తగా ఏదో తగిలింది.

అక్క పేనిన తాడు. సీటు చట్రానికి ఒక కొక్కెం, దానికి చుట్ట చుట్టి తగిలించి ఉంది. ఒక చివర తలుపు పిడికి సరిగ్గా సరిపోయేలా ఉచ్చు వేసి ఉంది. కొక్కెం వెల్డింగు మీద ఆకుపచ్చ రంగు ఉంది.

ఆ రంగు దసరాకి వేసింది. కొక్కెం అంతకుముందే పెట్టాడు. అంటే నేను చెప్పలేకపోయిన మాట అక్క తనే ఆయనకి చెప్పింది. తాడు చేతికి ఇచ్చింది. ఆయన సరేనని కొక్కెం కూడా పెట్టాడు. పెట్టి, ఇంకొక్క వారం ఆగాడు. ఇంకొక్క వారం. తాడు కట్టి తీసుకెళ్తే ఇక సమయం లేదని ఒప్పుకున్నట్టే. నేను షెడ్డులో నోరు తెరవలేకపోయిందీ అందుకే.

ఆ రోజు ఆయన నన్ను అడిగింది తెలియక కాదు. ఆ మాట విన్నవాడు ఇంకొకడున్నాడేమోనని అడిగాడు. ఉంటే ఆయనకి ఒక తోడు దొరికేది. నేను లేదన్నాను. మూడేళ్ళు ప్రతి శనివారం నా పక్కనే కూర్చుని, ఆయన దాన్ని ఒక్కడే మోశాడు.

గడిచిన శనివారం ఎస్.కోట నుంచి ఒక డ్రైవరుని రప్పించాను. పాత బండ్లు నడపడం తెలిసినవాడు, నడివయసు మనిషి. మా సంగతులేవీ అతనికి తెలియవు. ఘాటీలో లారీలు ఆగే మలుపు దాకా వెళ్ళి రావాలన్నాను. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది. నేను ఎడమ సీటులో కూర్చుని తలుపు లాగాను. ఒక్కటే మాట అంది. తర్వాత తాడు విప్పి, ఉచ్చు తలుపు పిడికి తగిలించి, రెండో కొస కొక్కేనికి బిగించి కట్టాను.

డ్రైవరు చూస్తున్నాడు. "తలుపు సక్కగా పడతన్నాది కదండి. తాడెందుకండి?"

"కట్టమన్నారు."

"ఎవులండి?"

"మా అక్క. తలుపు పడకపోతే పోయింది, తాడు కట్టి ఈ శనివారం తీసుకెళ్ళమంది."

"ఎప్పుడన్నారండి?"

"మూడేళ్ళు దాటింది" అన్నాను.